హైరానా లేని ప్రయాణం – 5వ పాఠం: మనకోసం ఆగనివి ముందు రాయండి

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. కోనసీమలో ఒక్క రోజు: పొద్దున్నే ద్రాక్షారామం, సాయంత్రానికి అంతర్వేది, మధ్యలో మీ ఇష్టం. ఫోన్లో మ్యాపు చూసుకుని కాగితం మీద వేసి పంపమన్నాను. పంపారు. కొందరైతే కాగితంతో ఆగకుండా పిల్లల్నీ పెద్దల్నీ కారెక్కించుకుని బయల్దేరిపోయారు కూడా. ఆ కబుర్లన్నీ చదివాక, ఈసారి నేరుగా రైలు టికెట్లలోకి దిగడం కుదరదని తేలిపోయింది. టికెట్లు రెండో సగంలో చూద్దాం. ముందు గోదారి దాటాలి.

ఇంచుమించు అందరి కాగితాల్లోనూ ఈ వరస ఉంది: "7:30 కోటిపల్లి, 7:40 ముక్తేశ్వరం." మ్యాపులో రెండు ఊళ్లూ ఎదురెదురుగా కనిపించాయి, మధ్యలో సన్నటి గీత, పక్కన నిమిషాలు. ఇంకేం కావాలి అనుకున్నారు. ఏమండీ, ఆ గీత రోడ్డు కాదు, రేవు! అక్కడ పంటు, అంటే బండ్లు కూడా ఎక్కే పెద్ద పడవ, నడుస్తుంది. మనుషులు, మోటారు సైకిళ్లు, కార్లు ఎక్కాక కదులుతుంది. మీరు రేవులోకి వచ్చేసరికి అది అవతలి ఒడ్డున ఉంటే, అక్కడ జనం ఎక్కి, ఇటొచ్చి, దిగి, అప్పుడు మీ వంతు. మీ ముందు పెళ్లివాళ్ల కార్లు ఉన్నాయనుకోండి, ఇంకో తిరుగుడు ఆగాలి. చీకటి పడ్డాక రేవులో మీరూ, మీ కారూ, దోమలూ. వేసవిలో ఇసుక మేటలు తేలి పడవ ఆగే చోటే జరుగుతుంది. వరదొస్తే మొత్తానికే కట్టేస్తారు. మ్యాపు చూపించే నిమిషాలు నీటి మీద పట్టేవి. ఒడ్డున పట్టేవి దానికి తెలీవు.

పంటు ఎక్కొద్దని కాదు నేను చెప్పేది. నాకైతే కోటిపల్లి రేవు దాటకపోతే ఆ ప్రయాణం ప్రయాణంలా ఉండదు. కానీ దానికి ముప్పావు గంట వేసుకోండి, పక్కనే రెండో దారి రాసుకోండి. ఆ రెండో దారి ఒక్క కాగితంలోనూ లేదు.

రెండో దారి రాయాలంటే పాయలు తెలియాలి. మ్యాపు మూసేసి ఒకసారి గీయండి. ధవళేశ్వరం దగ్గర గోదారి రెండుగా చీలుతుంది: తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ. వశిష్ఠ నుంచి పి.గన్నవరం దగ్గర ఇంకో పాయ విడిపోతుంది, అది వైనతేయ. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్నదే కోనసీమ. దాన్ని వైనతేయ మళ్లీ రెండు చేస్తుంది. ద్రాక్షారామం గౌతమికి తూర్పున ఉంది. అమలాపురం, ముక్తేశ్వరం, అయినవిల్లి గౌతమికీ వైనతేయకీ మధ్య. అప్పనపల్లి, రాజోలు, అంతర్వేది వైనతేయకీ వశిష్ఠకీ మధ్య. నరసాపురం, పాలకొల్లు వశిష్ఠకి పడమర. ఈ నాలుగు ముక్కలు కంఠతా వస్తే చాలు, మిగతాది మ్యాపే చూసుకుంటుంది. ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి వెళ్లిన ప్రతిసారీ కాగితం మీద అడ్డగీత కొట్టి, "ఎక్కడ దాటుతున్నాం?" అని రాయండి.

గౌతమి దాటడానికి కోటిపల్లి పంటు కాకపోతే కింద యానాం–ఎదుర్లంక వంతెన ఉంది. 2002 నుంచి నడుస్తోంది, లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి పేరే పెట్టారు. దాటగానే మురమళ్ల, అక్కణ్ణుంచి ముమ్మిడివరం, అమలాపురం. పైకి వెళ్తే జొన్నాడ–రావులపాలెం వంతెన. ఆ దారి పడితే ఆత్రేయపురం పూతరేకుల కోసం ఎవరో ఒకరు పక్కకి తిప్పమంటారు, దానికి గంట ఇప్పుడే వేసేయండి, వాదన దండగ. వైనతేయకి బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన, లేదా పి.గన్నవరం. గన్నవరంలో డొక్కా సీతమ్మ గారి పేరున్న అక్విడెక్టు కూడా చూసినట్టవుతుంది, కింద ఏరు, పైన కాలవ. వశిష్ఠకి దిండి–చించినాడ వంతెన, లేదా సఖినేటిపల్లి–నరసాపురం పంటు.

ఆగస్టులో వెళ్లినవాళ్లకి ఇంకో మాట. "వాతావరణం యాప్‌లో ఎండ అని ఉంది, రేవుకి వెళ్తే పంటు లేదు" అని రాశారు. అమలాపురంలో ఎండ కాస్తూనే ఉంటుంది, ఎక్కడో ఎగువన కురిసిన వానకి గోదారి ఎర్రగా పొంగుతూనే ఉంటుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా మీరు చూడాల్సిన అంకెలు రెండు. భద్రాచలం దగ్గర నీటిమట్టం: 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర: 11.75, 13.75, 17.75. టీవీలో కింద పరిగెత్తే వార్తల్లో ఇవే ఉంటాయి, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కూడా వరద రోజుల్లో ఎప్పటికప్పుడు చెబుతుంది. భద్రాచలంలో పెరిగిన నీరు ఆ వెంటనే ధవళేశ్వరానికి రాదు, కాబట్టి భద్రాచలం అంకె చూసినవాడికి సర్దుకునే వ్యవధి ఉంటుంది. 2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటినప్పుడు లంకల, అంటే ఏటి మధ్య దిబ్బల మీది ఊళ్ల, వాళ్లు సామాన్లు పైకెత్తుకున్నది ఆ వ్యవధిలోనే. భద్రాచలంలో మొదటి హెచ్చరిక వచ్చిందంటే నేనైతే పంటునీ, లంకల్లోకి వెళ్లే కాజ్‌వేలనీ (పాయకి అడ్డంగా తక్కువ ఎత్తులో వేసిన దారులు) కాగితంలోంచి కొట్టేస్తాను. కనకాయలంక, ఎదురుబిడియం కాజ్‌వేలు మునిగాయన్న వార్త ఏటా వినేదే.

ఇప్పుడు ఒక పాఠకురాలి కాగితం దగ్గరగా చూద్దాం. అందంగా వేశారు, రంగులు కూడా పూశారు. 6:00 ద్రాక్షారామం. 7:30 కోటిపల్లి. 7:40 ముక్తేశ్వరం. 8:00 అయినవిల్లి. 10:00 అమలాపురంలో టిఫిను. 11:00 అప్పనపల్లి. 1:00 అంతర్వేది, దర్శనం. రంగులన్నీ బావున్నాయి కానీ ఒంటిగంటకి గుడి తలుపులు వేసి ఉంటాయమ్మా. మధ్యాహ్నం స్వామికి విశ్రాంతి. అత్తగారితో ఎండలో మెట్ల మీద కూర్చోవాలి. ఈ పాఠకురాలు పొద్దున్నుంచి ముందుకి లెక్కేసుకుంటూ వచ్చారు. అంతర్వేదిలో సాయంత్రం తలుపులు తీసే వేళ ముందు రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి వస్తే, అప్పనపల్లిలో రెండు గంటలు దొరికేవి. అక్కడ నిత్యాన్నదానం ఉంది, మధ్యాహ్నం భోజనం అక్కడే అయిపోయేది, వైనతేయ ఒడ్డున పిల్లలు కాసేపు ఆడుకునేవాళ్లు.

కాబట్టి కాగితం పద్ధతి మారుస్తున్నాం. ముందుగా మనకోసం ఆగనివి రాయండి: రైలు, ఆఖరి పంటు, గుడి తలుపులు. వాటి మధ్య ఖాళీలు చూసి మిగతావి నింపండి. ప్రతి గీత మీదా మూడు గళ్లు: ఎన్నింటికి, ఎక్కడ దాటుతున్నాం, అది కుదరకపోతే ఏం చేస్తాం. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ గీత చెల్లదు. ప్రయాణం ప్లాన్ చేసిపెట్టే యాప్‌లు, ఎక్సెల్ షీట్లు వాడతామని కొందరు అడిగారు. వాడుకోండి, నాకు మాత్రం పంపకండి. అరఠావు కాగితం మీద రాసి, ఫొటో తీసి, వాట్సాప్‌లో ఇంటివాళ్ల గుంపులో పడేస్తే డ్రైవరు దగ్గర్నుంచి బామ్మగారి దాకా అందరి దగ్గరా ఉంటుంది. అంతర్వేది పల్లిపాలెం వైపు సిగ్నల్ పోయినా ఫొటో పోదు.

ఇక టికెట్లు.

అకౌంటు ఎలా తెరవాలి, డబ్బు ఎలా కట్టాలి, ఇవి చెప్పను. ఆధార్ కలుపుకోండి, 2025 జులై నుంచి అది లేకుండా ఆన్‌లైన్‌లో తత్కాల్ ఇవ్వడం లేదు. మామూలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. 120 రోజులన్నది పాత లెక్క, 2024 నవంబరు 1తో పోయింది. తత్కాల్ ముందురోజు, ఏసీకి 10 గంటలకి, మిగతావాటికి 11కి.

స్టేషన్ పెట్టెలో "అమలాపురం" అని కొట్టి ఏమీ రాలేదని వాపోయినవాళ్లకి: రాదు. కోటిపల్లి నుంచి నరసాపురానికి వేస్తున్న లైను పూర్తయితే వస్తుంది. అందాకా రాజమండ్రి, కాకినాడ, పాలకొల్లు, నరసాపురం. ఇక్కడ నా అడ్డదారి ఒకటి చెబుతాను, నచ్చితే వాడుకోండి. రానూపోనూ ఒకే స్టేషన్ పెట్టుకోకండి. హైదరాబాదు నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి రాజమండ్రిలో దిగి, తూర్పు నుంచి పడమరకి చూసుకుంటూ వెళ్లి, నరసాపురంలో ఎక్కండి. దాటిన పాయ మళ్లీ దాటక్కర్లేదు. నరసాపురంలో బయల్దేరే రైలు కాబట్టి, సామాన్లతో పరుగులు లేకుండా ముందే ఎక్కి కూర్చోవచ్చు.

ఇప్పుడు అసలు గొయ్యి. ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ ఎవరో ఒకరు పడతారు, అందుకని ఈసారి తాపీగా చెబుతాను, విసుక్కోకుండా చదవండి.

రాజమండ్రిలో మీ రైలు 00:25కి అనుకుందాం. 14వ తేదీ శనివారం. రాత్రి భోంచేసి, సామాన్లు సర్దుకుని, పదకొండున్నరకి స్టేషన్‌కి వెళ్తారు. టికెట్ మీద ఏ తేదీ ఉండాలి? 15. ఆదివారం. "శనివారం రాత్రి రైలు" అని 14తో కొన్నారంటే, మీ రైలు శుక్రవారం అర్ధరాత్రి దాటిన ఇరవై అయిదు నిమిషాలకే వెళ్లిపోయింది. మీ బెర్తు ఖాళీగా వెళ్లింది. డబ్బులూ దాంతోనే.

చదువుకున్నవాళ్లు కూడా ఎందుకు పడతారంటే, మన లెక్క వేరు. పంచాంగం ప్రకారం సూర్యోదయంతోనే వారం మారుతుంది. అర్ధరాత్రి దాటినా బామ్మకి అది శనివారమే, ఆవిడ చెప్పింది మన పద్ధతిలో ఒప్పే. రైల్వేవాళ్లకి 23:59 తర్వాత నిమిషానికే ఆదివారం. ఇద్దరూ ఒకే రాత్రిని రెండు వారాలుగా పిలుస్తారు, మధ్యలో టికెట్ కొన్నది మీరు.

ఇంకో మెలిక ఉంది. ఆ రైలు మొదలైన ఊళ్లో 14వ తేదీ సాయంత్రమే కదిలింది కదా. తత్కాల్ లెక్క మీ స్టేషన్ నుంచి కాదు, రైలు మొదలైన స్టేషన్ తేదీ నుంచి. కాబట్టి 15 టికెట్‌కి తత్కాల్ 13నే తెరుస్తారు. 14 పొద్దున పదింటికి వేళ్లు విరుచుకుని కూర్చున్నవాళ్లకి వెయిటింగ్ లిస్టే మిగిలింది. 60 రోజుల లెక్క కూడా అంతే.

మూడోది గది. తెల్లవారుజామున రాజమండ్రిలో దిగుతారు, తేదీ 15. హోటల్ కూడా 15 నుంచి తీసుకుంటారు. గది ఇచ్చేది మధ్యాహ్నం 12కి. పిల్లలు లాబీలో సోఫా మీద నిద్ర. 14 నుంచి తీసుకుని, "తెల్లారగట్ల వస్తాం, రాలేదని రద్దు చేయకండి" అని ఫోన్ చేసి చెప్పాలి. ఒక రోజు అద్దె దండగ అనుకుంటే స్టేషన్లో విశ్రాంతి గది చూడండి, ఖాయమైన టికెట్ పీఎన్ఆర్‌తో రైల్వే సైట్లోనే గంటల లెక్కన ఇస్తారు. నేనైతే అదే తీసుకుంటాను, స్నానానికి అది చాలు.

నాలుగోది ట్యాక్సీ. "శనివారం రాత్రి పన్నెండింటికి రా బాబూ" అంటే అతను శుక్రవారం రాత్రే వచ్చి హారన్ కొడతాడు, లేదా అసలు రాడు. "శనివారం రాత్రి పదకొండుకి రా, ఆదివారం పన్నెండూ ఇరవై అయిదుకి రైలు" అని రెండూ చెప్పండి. ఇకమీదట మీ కాగితాల్లో "రాత్రి" అన్న మాట నాకు కనిపించకూడదు. తేదీ, 24 గంటల లెక్కలో టైము. 00:00 నుంచి 04:00 లోపు ఏదున్నా ఎర్ర ఇంకుతో, "14 భోజనం అయ్యాక, టికెట్ 15" అని రాయాలి.

అభ్యాసం. ఈసారి కాస్త బరువైనదే.

హైదరాబాదు నుంచి అయిదుగురు: భార్యాభర్తలు, ఆరేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, ప్రయాణంలో వాంతులయ్యే తమ్ముడు. ఆగస్టు రెండో వారం. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రికి వచ్చి, ద్రాక్షారామం, అయినవిల్లి, అప్పనపల్లి, అంతర్వేది చూసి, రెండో రోజు నరసాపురంలో రైలెక్కాలి. మొదటి రోజు మధ్యాహ్నం భద్రాచలంలో 43 అడుగులు దాటిందని వార్త వస్తుంది. రెండు పంటులూ లేవనుకుని వేయండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, అయినా మలికిపురం, దిండి, చించినాడ, పాలకొల్లు చుట్టి రావాల్సిందే. ఆ చుట్టుకి టైము మ్యాపు చెప్పినదానికి సగం కలిపి వేయండి. అంతర్వేది ఎన్నింటికి వదలాలో నరసాపురం రైలు టైము నుంచి వెనక్కి లెక్కగట్టండి. రైళ్ల టైములు నేను ఇవ్వను, మీరే చూసుకోవాలి, మారుతుంటాయి.

పాయల బొమ్మ చేత్తో గీసి, అదే కాగితం వెనక వేయండి. ఫొటో ప్రింటు అంటించినవి తీసుకోను. అరఠావు దాటితే మళ్లీ రాయండి.

ఆరో పాఠం గదుల మీద. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల, భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో గది కావాలనుకునేవాళ్లు ఆ పాఠం కోసం ఆగకండి, ఇప్పుడే ఫోన్లు మొదలుపెట్టండి.