గులాబీ ఉత్తరం ఎవరు రాశారు? వాదనకు కూర్చునే ముందు

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సిరీస్‌కు మూలమైన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలల్లో అయిదోది, ‘ఎ డాన్స్ విత్ డ్రాగన్స్’, 2011లో వచ్చింది. అందులో జాన్ స్నో పదమూడో అధ్యాయంలో, సరిహద్దు గోడ దగ్గర అతను కమాండర్‌గా ఉన్న కాజిల్ బ్లాక్ కోటకు గులాబీ మైనం అంటించిన ఒక ఉత్తరం చేరుతుంది. రాజు స్టానిస్ చనిపోయాడని, తన భార్యనూ బందీ రీక్‌నూ తిరిగి పంపమని అందులో బెదిరింపు. దాని కింద వింటర్‌ఫెల్ కోటను ఏలే క్రూరుడు రామ్సే బోల్టన్ సంతకం ఉంది. అది నిజంగా అతను రాసిందేనా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. తర్వాతి పుస్తకం వస్తే తప్ప తెగదు. కాబట్టి తీర్పు దొరకదని ఒప్పుకునే కూర్చోవాలి. “ఎవరు రాశారు?” అని మొదలుపెడితే అరగంటలో అరుపులే మిగులుతాయి. “ఈ వాక్యం రాయాలంటే ఏం తెలిసుండాలి? అది అప్పటికి ఎవరెవరికి తెలుసు?” అని మొదలుపెడితే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

ఆరు నుంచి ఎనిమిది మంది చాలు, పది దాటితే రెండు గుంపులు చేయండి. బెంగళూరులో దీనికి కబ్బన్ పార్క్ బాగుంటుంది, మెట్రో దిగి నడిచి వెళ్ళిపోవచ్చు. శనివారం పొద్దున అక్కడ కబ్బన్ రీడ్స్ వాళ్ళు నిశ్శబ్దంగా చదువుకుంటూ ఉంటారు, వాళ్ళకు దూరంగా కూర్చోండి. రామ్సే పేరెత్తితే గొంతు పెంచే మనిషి ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. ఏప్రిల్, మే నెలల్లో, మళ్ళీ సెప్టెంబర్, అక్టోబర్‌లలో మధ్యాహ్నం దాటాక వాన పడొచ్చు, కాగితాలు ఆగమైపోతాయి. పొద్దున్నే ముగించేసి దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) కాఫీ తాగుతూ మిగతాది తేల్చుకోవచ్చు.

పుస్తకాల దగ్గర ఒక చిక్కు ఉంది. మన దగ్గర ఎక్కువగా దొరికే బ్రిటిష్ పేపర్‌బ్యాక్ రెండు భాగాలు: ‘డ్రీమ్స్ అండ్ డస్ట్’, ‘ఆఫ్టర్ ద ఫీస్ట్’. ఉత్తరం రెండో దాంట్లో ఉంది. పోల్చి చూడాల్సిన రామ్సే పాత ఉత్తరం మొదటి దాంట్లో ఉంది. ఒక్క భాగమే తెచ్చుకున్నవాళ్ళు సగం వాదనే చేయగలరు. పేజీ నంబర్లు కూడా ఒక్కో ముద్రణలో ఒక్కోలా ఉంటాయి, అందుకని అధ్యాయం పేరు చెప్పి మాట్లాడే అలవాటు చేయండి.

ముందుగా అందరూ చదివి రావాల్సినవి: జాన్ ఆరు, జాన్ పదమూడు (జాన్ పేరుతో ఉన్న ఆరో, పదమూడో అధ్యాయాలు), ‘ద వేవర్డ్ బ్రైడ్’, ‘మెలిసాండ్రే’, ‘ద టర్న్‌క్లోక్’, ‘ఎ గోస్ట్ ఇన్ వింటర్‌ఫెల్’, ‘థియోన్’. వీటికి తోడు, రాబోయే పుస్తకం నుంచి రచయిత ముందే బయటపెట్టిన థియోన్ అధ్యాయం. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది మొదటి అయిదు నిమిషాల్లోనే తేల్చుకోండి. ఒప్పుకుంటేనే వాదన రుచిగా ఉంటుంది.

ఇక అసలు పని. ఉత్తరాన్ని వాక్యం వాక్యంగా విడగొట్టి ఒక్కో చీటీ మీద ఒక్కోటి రాయండి. చీటీ కింద రెండు గీతలు: “ఏం తెలియాలి”, “ఎవరికి తెలుసు”. గోడకు అవతలి జనాల రాజు, కాల్చేశారని అందరూ నమ్మిన మాన్స్ రేడర్ కాలిపోలేదు, వింటర్‌ఫెల్‌కు వెళ్ళాడు అన్న వాక్యం తీసుకోండి. అది జాన్‌కు తెలుసు, స్టానిస్ పూజారిణి మెలిసాండ్రేకు తెలుసు, మాన్స్‌కూ అతని వెంట వెళ్ళిన ఆరుగురు ఆడవాళ్ళకూ తెలుసు. స్టానిస్‌కు తెలుసా అన్నది పుస్తకం తేల్చి చెప్పదు. మరి రామ్సేకు ఎలా తెలుస్తుంది? పట్టుబడిన వాళ్ళను హింసిస్తే తెలుస్తుంది. ఆ పనిలో అతని చెయ్యి తిరిగినదే కాబట్టి ఈ చీటీ రామ్సేను తప్పించలేదు. రీక్‌ను పంపమన్న చీటీ ఇంకా మంచిది. రీక్ అంటే థియోన్‌కు రామ్సే పెట్టిన పేరు. థియోన్ అప్పటికి స్టానిస్ చేతుల్లో ఉన్నాడు. కాబట్టి ఉత్తరం రాసినవాడికి అది తెలియదు, లేదా తెలిసి నటిస్తున్నాడు. ఈ రెండో మాట ఎవరు పట్టుకున్నా, ఎందుకు నటించాలో కూడా వాళ్ళే చెప్పాలి.

తర్వాత ఆకారం. జాన్ ఆరులో వచ్చే రామ్సే ఉత్తరం పెద్ద ముళ్ళ లాంటి అక్షరాలతో, రాలిపోయే గోధుమరంగు సిరాతో ఉంటుంది. డీప్‌వుడ్ కోటలో థియోన్ అక్క ఆషాకు వచ్చినది నెత్తురుతో రాసింది, దానికి చర్మం ముక్క జత. పదమూడులో చర్మం లేదు, నెత్తురు ప్రస్తావన లేదు, గులాబీ మైనం ముద్రలా కాక పులిమినట్టు ఉంది. చాలామంది ఇక్కడే గెలిచామనుకుంటారు. కానీ పాత చేతిరాతను చూసిన జాన్ ఇది వేరే చేయి అనడు, అదే చేయి అని కూడా అనడు. ఆ మౌనాన్ని ఎవరి ఖాతాలోనూ వేయకండి.

మాటల తీరు మరో గొయ్యి. గోడ కాపలావాళ్ళను నల్ల కాకులు అనడం గోడకు అవతలివాళ్ళ మాట కాబట్టి మాన్సే రాశాడని ఒక వాదం. మన గుంపులోనే ‘వచ్చిండు’ అనేవాళ్ళు, ‘వచ్చినాడు’ అనేవాళ్ళు, ‘వచ్చాడు’ అనేవాళ్ళు ఉంటారు. ఊరు పట్టేయడం తేలికే. కానీ ఒకే ఇంట్లో నెల రోజులు ఉంటే మాటలు అంటుకుంటాయి కూడా. మాట ఒక్కటే ఆధారమైతే దానికి పావు మార్కు ఇవ్వండి, అంతే.

స్టానిసే రాశాడన్న పక్షాన్ని నిలబెట్టేవాళ్ళు తప్పకుండా ఎదుర్కోవాల్సింది పక్షుల లెక్క. ఆ ముందస్తు అధ్యాయంలో పక్షుల్ని చూసుకునే పండితుడు (మేస్టర్) టైబాల్డ్ దగ్గర మిగిలిన, ఉత్తరాలు మోసే రెండు రేవెన్‌లూ వింటర్‌ఫెల్‌కే ఎగురుతాయి, కాజిల్ బ్లాక్‌కు కాదు. అంటే స్టానిస్ ముందు వింటర్‌ఫెల్ పట్టుకోవాలి, లేదా లోపలివాళ్ళు ఎవరో సాయపడాలి. తాను చనిపోయానన్న వార్త రావచ్చని అతను తన యోధుడు జస్టిన్ మాసీతో అన్న మాట బలమైనదే, కానీ మాటకు రెక్కలుండవు. మా లెక్కలో ఇప్పటికీ రామ్సేదే పైచేయి. మాన్స్ మీద అనుమానం రెండో స్థానం.

ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఎదురు ప్రశ్నకు ఒక నిమిషం. ఫోన్ టైమర్ చాలు. టీవీ సిరీస్‌ను సాక్ష్యంగా తేనివ్వకండి. 2016లో ఆరో సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో వచ్చే ఉత్తరంలో మాన్స్ లేడు, రీక్ లేడు, జాన్ తమ్ముడు రికాన్ బందీగా ఉన్నాడు. అది వేరే కథ, వేరే ఉత్తరం. “సిరీస్‌లో రామ్సేనే కదా” అన్నవాళ్ళ చేత ఆ రోజు కాఫీలు కొనిపించండి.

ఓటు రెండుసార్లు వేయించండి, వచ్చీ రాగానే ఒకసారి, లేచే ముందు ఒకసారి, రెండూ రహస్యంగానే. ఎవరు గెలిచారన్నదానికంటే ఎంతమంది మనసు మార్చుకున్నారన్నది రాసిపెట్టుకోండి. ఎవరూ మార్చుకోకపోతే చీటీలు సరిగా రాయలేదని లెక్క. వచ్చేసారి ‘ఎవరికి తెలుసు’ గీత దగ్గర అధ్యాయం పేరు కూడా రాయించండి.