పాత పూల్ క్యూ వేళ్లకు అంటుకుంటోందా?

బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట ఆడే కర్రే క్యూ. ఏళ్ల తరబడి కేసులో పడున్న కస్టమ్ క్యూ బయటికి తీస్తే షాఫ్ట్, అంటే దాని సన్నటి ముందు భాగం, చేతిలో జారదు, జిగురుగా పట్టేస్తుంది. క్యూ కొనకు రాసే చాక్ పాత పొడి, చేతి జిడ్డు కలిసి మేపుల్ చెక్క మీద పేరుకుపోయి ఉంటాయి. ఇంట్లోనే వదిలించవచ్చు.

క్యూ రెండు భాగాలు కలిసే జాయింట్ విప్పి షాఫ్ట్ ఒక్కటే తీసుకోండి. గోడల మరకలు తుడిచే తెల్లటి మెలమైన్ స్పాంజ్ ఉంటుంది కదా, దాంట్లో చిన్న ముక్క తడిపి చుక్క నీరు రానంతగా పిండండి. చెక్క నార వెంట నిలువుగా అర నిమిషం తేలిగ్గా రుద్దితే చాలు, స్పాంజ్ నీలంగా మారుతుంది. వెంటనే పొడి కాటన్ గుడ్డతో తుడిచి పది నిమిషాలు ఆరనివ్వండి. ఇక అసలు పని. పాత లెదర్ బెల్టు ముక్కను, రంగు లేని లోపలి వైపు చెక్కకు తగిలేలా షాఫ్ట్‌కు చుట్టి, చేతికి వేడి తెలిసేదాకా గబగబా పైకీ కిందికీ లాగండి. తడికి లేచిన నూగంతా అణిగి నున్నగా అవుతుంది. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు, అందుకే రెండు ఆటలకే మళ్లీ గరుకు తేలుతుంది.

గరుకు కాగితం మాత్రం వాడొద్దు, షాఫ్ట్ సన్నబడిపోతుంది.

ఈ పద్ధతి పూత లేని షాఫ్ట్‌కే. బట్ (క్యూ వెనకవైపు లావు భాగం) మీద స్పాంజ్ పెడితే పాత లక్క మెరుపు పోతుంది, దానికి పొడి గుడ్డే. షాఫ్ట్ వంగి ఉంటే ఇదేమీ పనిచేయదు, క్యూలు బాగుచేసేవాళ్లకు చూపించాల్సిందే.