పాత కారు మరమ్మతు, స్వయంబోధిని – 4వ పాఠం: ఉండి ఉండి ఆగిపోయే ఇంజను

గత పాఠంలో ప్లగ్గు దగ్గర స్పార్క్ వస్తోందో లేదో చూసే పద్ధతి చెప్పాను. దాన్ని పాటించిన పాఠకుల్లో ఎక్కువమంది ఒకే చోట తడబడ్డారు. బండి దారిలో జర్కులు కొట్టి ఆగిపోయింది, కాసేపటికి మళ్లీ స్టార్టయింది, ఇంటికి తెచ్చుకున్నారు. మరునాటి ఉదయం చల్లటి ఇంజను మీద పరీక్ష చేస్తే స్పార్క్ నీలంగా, బలంగా కనిపించింది. కాబట్టి లోపం పెట్రోలు వైపే ఉందని తేల్చుకుని కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) విప్పించారు. డబ్బు ఖర్చయింది, లోపం మాత్రం అలాగే ఉంది. ఈ పాఠంలో ఫ్యూయల్ పంపు గురించి రాయవలసి ఉండగా, దాన్ని పక్కన పెట్టి ఈ తడబాటునే సరిచేస్తాను.

మరికొందరికి పరీక్ష తరువాత బండి అసలు స్టార్టే కాలేదు. వారు ప్లగ్గు వైర్లను తారుమారు చేసి ఉంటారు. మనం ఉదాహరణగా తీసుకున్న కార్బ్యురేటర్ మారుతి 800లో ఉన్నది మూడు సిలిండర్ల, 796 సీసీ ఇంజను. దాని ఫైరింగ్ వరుస, అంటే సిలిండర్లలో స్పార్క్ వచ్చే క్రమం, 1-3-2. వైరు పీకేముందు దాని మీద సిలిండర్ అంకె రాసి పెట్టుకోండి.

ఉండి ఉండి వచ్చే లోపాన్ని అది ఉన్న సమయంలోనే పరీక్షించాలి. బండి ఆగిపోయిన తరువాతి రెండు నిమిషాలు మనకు దొరికే అసలైన అవకాశం. ఆ సమయంలో మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టి ఎలాగో స్టార్ట్ చేసుకుని వెళ్లిపోతే ఆధారమంతా చేజారుతుంది. బండిని రోడ్డు పక్కకు చేర్చి, ముందు అది ఎలా ఆగిందో గుర్తు తెచ్చుకోండి. ఎవరో తాళంచెవి తిప్పి ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు అనుమానించాలి. బలం తగ్గుతూ, ఈడ్చుకుంటూ, యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కితే కాస్త కోలుకుని మళ్లీ నీరసించి ఆగితే పెట్రోలు అందడం లేదని అర్థం. జర్కులు కొడుతున్నప్పుడే చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) కొద్దిగా లాగి చూడటం నా అలవాటు. దానితో ఇంజను కుదుటపడితే పెట్రోలు తక్కువగానో గాలి ఎక్కువగానో వస్తోందని తెలుస్తుంది.

తరువాత బానెట్ ఎత్తి కార్బ్యురేటర్ ఫ్లోట్ చాంబర్‌కు (పెట్రోలు నిలవ ఉండే చిన్న గిన్నె) ఉన్న చిన్న గాజును టార్చి వేసి చూడండి. పెట్రోలు మట్టం ఆ గాజు మధ్యనున్న గుండ్రటి గుర్తు దగ్గర ఉంటే చాంబర్ దాకా సరఫరా బాగానే ఉన్నట్టు. మట్టం కనిపించకపోతే వెంటనే ట్యాంకు మూత తెరవండి. గాలి బుస్సుమని లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి దారి మూసుకుపోయింది. ఎండాకాలం మధ్యాహ్నపు ట్రాఫిక్‌లో పైపులోని పెట్రోలు ఆవిరై సరఫరా తెగడం కూడా ఇలాగే కనిపిస్తుంది కాని, అప్పుడు మూత తీసినా ఆ శబ్దం రాదు.

గాజులో మట్టం సరిగ్గా ఉంటే అక్కడికక్కడే, వేడి ఇంజను మీదే స్పార్క్ చూడాలి. వేడెక్కితే చచ్చి, ఇరవై నిమిషాలు చల్లారితే బతికే ఇగ్నిషన్ కాయిల్ (బ్యాటరీ వోల్టేజిని స్పార్క్‌కు సరిపడా పెంచే భాగం) ఉదయపు పరీక్షలో ఎప్పటికీ దొరకదు.

క్షణం పాటు జర్క్ ఇచ్చి సర్దుకునే బండికి ఈ పద్ధతి చాలదు. దానికి నేను 12 వోల్టుల చిన్న బల్బు వాడతాను. బల్బుకు ఒక వైరును చిన్న ఫ్యూజు మీదుగా కాయిల్ ప్లస్ కొనకు, రెండోదాన్ని బాడీ ఎర్త్‌కు కలిపి, వైర్లు ఫ్యానుకూ సైలెన్సర్ గొట్టానికీ తగలకుండా లోపలికి తెచ్చి డ్యాష్‌బోర్డు మీద పెట్టాలి. పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టి బల్బును వారినే గమనించమనండి. జర్క్ వచ్చిన క్షణంలో బల్బు ఆరితే లోపం కాయిల్‌కు ముందే, అంటే ఇగ్నిషన్ స్విచ్‌లోనో దాని వెనక వైర్లు కలిసే కప్లర్‌లోనో ఫ్యూజు పట్టుల్లోనో ఉంటుంది. బల్బు వెలుగుతూనే ఉన్నా బండి ఉలిక్కిపడితే కాయిల్, పాయింట్లు (కాయిల్ కరెంటును తెంచి కలిపేవి), కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలను తగ్గించేది), రోటర్ (తిరుగుతూ ఒక్కో ప్లగ్గు వైరుకు కరెంటు అందించేది) వైపు వెళ్లాలి. పాయింట్ల గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉండాలి.

అక్కడ దాగి ఉండే లోపం ఒకటుంది. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగం) లోపల పాయింట్లకు వెళ్లే సన్నని వైరు, వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజను పీల్పుతో స్పార్క్ సమయాన్ని ముందుకు జరిపే అమరిక) ప్లేటును లాగినప్పుడల్లా వంగుతూ, పై తొడుగు చెక్కుచెదరకుండానే లోపలి రాగి పోగులు తెగిపోతుంది. నిలకడ వేగంలో బండి హాయిగా వెళ్తుంది. యాక్సిలరేటర్ తొక్కగానే జర్క్ ఇస్తుంది. వ్యాక్యూమ్ పైపును డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఊడదీసి, పైపు కొనను బిగుతుగా మూసి నాలుగు కిలోమీటర్లు నడపండి. జర్కులు మాయమైతే ఆ వైరు మార్చండి.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే పొరపాటు: సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతోందని స్లో స్క్రూ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజను వేగాన్ని సరిచేసేది) తిప్పి ఇంజను వేగం పెంచేయడం. ఇది లోపాన్ని తీసేయదు, కనిపించకుండా చేస్తుంది. స్లోలో త్రాటిల్ పలక (ఇంజనులోకి వెళ్లే గాలిని అదుపు చేసేది) దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజనుకు కావలసిన పెట్రోలు స్లో జెట్ గుండా, పలకకు కింద ఉన్న సన్నని రంధ్రం నుంచి వస్తుంది. స్క్రూ బిగించి పలకను తెరిచిపెడితే దాని అంచు పైనున్న మరికొన్ని రంధ్రాలను దాటుతుంది, పెట్రోలు అక్కడి నుంచి రావడం మొదలవుతుంది. ఇంజను ఆగదు. స్లో జెట్‌లో చెత్త ఉన్నా, కార్బ్యురేటర్ అడుగున ఉండే బేస్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీకవుతున్నా ఇక బయటపడదు. ఆ తరువాత మిక్స్చర్ స్క్రూను (స్లోలో పెట్రోలు పాళ్లను సరిచేసేది) ఎంత తిప్పినా ఇంజను పట్టించుకోదు. దాన్ని చూసి ఆ స్క్రూ పాడైందనుకుని కొత్తది కొన్నవారూ ఉన్నారు. గేరు వేయగానే కుదుపు, పెట్రోలు వృథా, తాళం తీశాక కూడా కాసేపు కొట్టుకునే ఇంజను అదనంగా వస్తాయి.

కాబట్టి ఎవరో పెంచిన స్క్రూను ముందు వెనక్కి తిప్పి, బండి ఆగిపోయే స్థితికే తీసుకురండి. తాళం ఆన్ చేసినప్పుడు కార్బ్యురేటర్ సోలెనాయిడ్ (స్లో పెట్రోలు దారిని కరెంటుతో తెరిచే కవాటం) టక్కుమంటోందా, దాని వైరును వేలితో కదిపితే ఇంజను శబ్దం మారుతోందా చూడండి. ఆ చిన్న వైరు వదులైతే స్లో పెట్రోలు ఉండి ఉండి తెగిపోతుంది. తరువాత కార్బ్యురేటర్ అడుగున మంచినీళ్లను సన్నగా స్ప్రే చేయండి, డిస్ట్రిబ్యూటర్ మీద మాత్రం పడనీయకండి. ఎక్కడ నీళ్లు తగిలినప్పుడు ఇంజను నడక మారుతుందో అక్కడే గాలి లీకు ఉంది. కార్బ్యురేటర్ క్లీనర్‌తోనో పెట్రోలుతోనో ఈ పరీక్ష చేసేవారున్నారు. వేడి ఇంజను మీద అది మంటలు అంటుకునే పని, చేయకండి.

అభ్యాసం: వచ్చే రెండు వారాలు ఒక్క భాగం కూడా మార్చకండి. లోపం కనిపించిన ప్రతిసారీ ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, ఇంజను స్టార్టయి ఎంతసేపైంది, ఏ గేరు, కాలు యాక్సిలరేటర్ మీద ఉందా లేదా, వాన పడుతోందా, బల్బు ఆరిందా, గాజులో మట్టం ఎంత అన్నవి నోటుపుస్తకంలో రాయండి. దానితోపాటు బ్యాటరీ నుంచి పాయింట్ల దాకా కరెంటు వెళ్లే దారిని, మధ్యలో వచ్చే ప్రతి కప్లర్‌నూ మీ బండి చూసి బొమ్మ గీయండి, పుస్తకం చూసి కాదు. ఫ్యూయల్ పంపు పాఠం ఆ పట్టికతోనే మొదలవుతుంది.