మోటర్‌హోమ్ వెడల్పు ఎంత తీసుకోవాలి? మన శ్రీకాకుళం రోడ్లకి సరిపడా లెక్క

మోటర్‌హోమ్ (లోపలే మంచం, వంటగట్టు ఉండే బండి) అనగానే అందరూ పొడవు అడుగుతారు గాని రోజూ తెలిసొచ్చేది వెడల్పేనండి, రాత్రి కాళ్ళు చాపుకోవడం కాడ నుంచి ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య ఎదురుగా ఆటో వచ్చేదాకా.

ఫియట్ డుకాటో, మన ఫోర్స్ అర్బానియా లాంటి వ్యాన్ బాడీలు బయట కొలత 2.05 నుంచి 2.1 మీటర్లు. ఛాసిస్ (ఇంజిన్, చక్రాలు ఉండే అడుగు చట్రం) మీద విడిగా బాక్స్ కట్టేవి ఎక్కువగా 2.2 నుంచి 2.35 వరకు ఉంటాయి. మన దేశంలో రూల్ ప్రకారం 2.6 మీటర్లు దాటకూడదు, బస్సు ఛాసిస్ మీద కట్టేవి ఇంచుమించు అక్కడికి వచ్చేస్తాయి.

ముందు మంచం ఎటు వేస్తారో తేల్చుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే. 2.05 వ్యాన్‌కి ఇన్సులేషన్, ప్యానెల్ వేశాక లోపల 1.8 చిల్లర మిగులుద్ది, అంటే 5 అడుగుల 8 అంగుళాల మనిషి అడ్డంగా పడుకోగలడు, ఆరడుగుల మనిషికి కాళ్ళు గోడకి తగుల్తాయి. అలాంటి వాళ్ళుంటే మంచం నిలువుగా వేసుకోవాలి, అప్పుడు పొడవు తినేస్తది, లేదంటే 2.3 బాక్స్ తీసుకోండి, దాంట్లో లోపల 2.2 దాకా వస్తది కాబట్టి అడ్డమంచం హాయిగా పడిపోద్ది. ఇక నడిచే దారి చూస్తే వంటగట్టు 55 సెంటీమీటర్లు, ఎదురు సోఫా 70 అనుకోండి, వ్యాన్‌లో మధ్యలో 55, 60 మిగులుద్ది, ఒకరు వంట చేస్తుంటే ఇంకొకరు ఒత్తిగిలి వెళ్ళాలి, అదే బాక్స్‌లో 95 మిగులుద్ది, పిల్లలున్న ఇంటికి ఈ తేడా చాలా పెద్దది. నమ్మకం కుదరకపోతే డాబా మీద సుద్దతో గీసి నులకమంచం, కుర్చీ పెట్టి ఓ పూట తిరిగి చూడండి.

ఇప్పుడు రోడ్డు. మన సింగిల్ రోడ్లు 3.75 మీటర్లు, కొన్ని ఊరి రోడ్లు 3 మీటర్లే. ఆటో వెడల్పు 1.3. వ్యాన్ 2.05 కలిపితే 3.35, 3.75 రోడ్డు మీద ఇంకా 40 సెంటీమీటర్లు ఉంటాది, అద్దాలు చూసుకుని నిదానంగా తప్పుకోవచ్చు. 2.3 బాక్స్ అయితే 3.6, ఇంకా 15 సెంటీమీటర్లే ఉంటాది, అద్దాలు లెక్కేస్తే అదీ ఉండదు, ఎవరో ఒకరు బెర్ము (తారు పక్కన మట్టి అంచు) మీదకి దిగాల్సిందే, వానాకాలంలో ఆ మట్టి ఎలా ఉంటాదో మీకు తెలుసు. ఇంకొకటి ఏటంటే, బాక్స్ బాడీ క్యాబిన్ కంటే బయటికి ఉంటాది, ముందు భాగం పట్టిందని వెనక పట్టదు, మలుపులో కొంచెం ఆలస్యంగా తిప్పాలి. ఎత్తు ఒకటే అయితే 2.05 నుంచి 2.3కి గాలికి ఎదురయ్యే ముఖం సుమారు 12 శాతం పెరుగుద్ది, హైవే మీద డీజిల్‌లో అది తెలుస్తది.

నా మాట అయితే భార్యాభర్తలిద్దరే తిరిగేటట్టయితే, బారువ, కళింగపట్నం, సీతంపేట వైపు లోపలికి వెళ్తామంటే వ్యాన్ వెడల్పే తీసుకోండి. నలుగురుండి ఎక్కువ 16వ నంబర్ హైవే మీదే పోతామంటే 2.3 మంచిది. 2.5 దాటినవి నాకు ఇటువైపు నచ్చవు, పల్లెవెలుగు బస్సు తిరిగే రోడ్డయితే పర్లేదు గాని బస్సు వెళ్ళని ఊరికి ఆశ వదులుకోవాలి.

కొనేముందు టేపు పెట్టి అద్దాలు మడిచి ఒకసారి, తెరిచి ఒకసారి కొలవండి, కాగితం మీద రాసిన వెడల్పులో చాలాసార్లు అద్దాలు ఉండవు. మీ ఇంటి గేటుకి మడిచిన కొలత చూసుకోండి, రోడ్డు లెక్కకి మాత్రం తెరిచిన కొలతే పట్టుకోండి.