డాబా మీద నుంచి భూమి తిరగడాన్ని కొలవడం

చుక్కలు తూర్పున పొడిచి పడమట కుంకడం అందరం చూసేదే. ఆ కదలికను సెకన్ల లెక్కన కొలవొచ్చు. టెలిస్కోపు అక్కర్లేదు. ఒక గోడ అంచు, 4 ఎం.ఎం. కంత ఉన్న ఒక వాషరు, ఫోన్‌లో గడియారం ఉంటే సరిపోతుంది.

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి ఆకాశమంతా తూర్పు నుంచి పడమరకు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ లెక్క గంటకు 15 డిగ్రీలు, 4 నిమిషాలకు ఒక డిగ్రీ. చేయి బారజాపి చిటికెన వేలు అడ్డం పెడితే అది ఒక డిగ్రీ, పిడికిలి పెడితే పది. గొల్లకావడి (ఓరియన్ నడుం పట్టీ) మూడు చుక్కలు దాదాపు సరిగ్గా తూర్పున పొడుస్తాయి, వాటికి ఈ వేగం పూర్తిగా ఉంటుంది. ధ్రువాల వైపు పోయేకొద్దీ వేగం తగ్గుతుంది. దక్షిణాన కనిపించే అగస్త్య నక్షత్రం గంటకు 9 డిగ్రీలే నడుస్తుంది.

కొలవడానికి మాత్రం అగస్త్యుడే మేలు. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత ఎక్కువ వెలుగున్న చుక్క అదే. వరంగల్ నుంచి చూస్తే 19 డిగ్రీల ఎత్తు దాటదు కాబట్టి గోడ అంచుకు అందుతుంది. ఫిబ్రవరి నడిమిన రాత్రి 9 ప్రాంతంలో నేరుగా దక్షిణాన ఉంటుంది.

దక్షిణానికి తిరిగి కూర్చుంటే చుక్క ఎడమ నుంచి కుడికి జరుగుతుంది. అందుకని గోడకు ఎడమ అంచు చూసుకోండి. చుక్క ఆ అంచు వెనక్కి పోయి మాయమయ్యే వేళను రోజూ రాసుకోవడమే మన పని. 5 మీటర్ల దూరంలో ఉన్న గోడైతే మీ కంటికన్నా కనీసం 2 మీటర్లు ఎత్తు ఉండాలి. మెట్ల గది మీద ట్యాంకు గోడ గానీ, పక్కింటి పై అంతస్తు మూల గానీ పనికొస్తుంది. అంచు కొంచెం వంకరున్నా ఫరవాలేదు, కదలకుండా ఉంటే చాలు. వేపకొమ్మ పనికిరాదు. మేస్త్రీలు వాడే గుండు తాడు వేలాడదీద్దామని చాలామందికి తోస్తుంది, కానీ చీకట్లో కంటిపాప 6 ఎం.ఎం. దాకా తెరుచుకుంటుంది. తాడు దానికన్నా సన్నం, చుక్క దాని వెనక్కి పోయినా మాయం కాదు.

ఇప్పుడు వాషరు. దాన్ని పిట్టగోడ మీద ఒక చెక్కకు మేకులు కొట్టి బిగించి, ఆ కంతలోంచే ఒంటికన్నుతో చూడండి. ఈ పని వదిలేస్తే మిగతా అంతా వృథా. తల 5 సెంటీమీటర్లు పక్కకు జరిగితే 5 మీటర్ల దూరపు అంచు దగ్గర చుక్క మాయమయ్యే వేళ దాదాపు మూడున్నర నిమిషాలు తప్పుతుంది. చుక్క రోజురోజుకూ ముందుగా మాయమవుతుంది, మనం పట్టుకోవాల్సిన ఆ తేడా రోజుకు 3 నిమిషాల 56 సెకన్లే. వాషరు ఉన్నా చుక్క ఠక్కున ఆరిపోదు, పదిహేను సెకన్లకు పైగా మసకబారుతూ పోతుంది. పూర్తిగా పోయిన క్షణాన్నే రాసుకోండి. రోజూ అదే పద్ధతి పాటించాలి.

మొదటి రాత్రి 8 గంటల 40 నిమిషాలకు మాయమైందనుకుందాం. మర్నాడు 8 గంటల 36 నిమిషాల 4 సెకన్లకే పోతుంది. ఏడు రోజులకు 27 నిమిషాల 31 సెకన్లు ముందుకు వస్తుంది. మధ్యలో మబ్బు పట్టి రెండు మూడు రాత్రులు పోయినా బాధ లేదు, మొత్తం తేడాను రోజులతో భాగించండి. రోజులు ఎక్కువైనకొద్దీ లెక్క నికార్సుగా వస్తుంది.

ఆ నాలుగు నిమిషాలు ఎందుకంటే, భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. ఈలోపు అది సూర్యుడి చుట్టూ కూడా దాదాపు ఒక డిగ్రీ నడుస్తుంది. సూర్యుడు మళ్లీ మన నెత్తి మీదికి రావాలంటే ఆ డిగ్రీ అదనంగా తిరగాలి. మన గడియారం సూర్యుడిది, చుక్కలు భూమి అసలు తిరుగుడును చూపిస్తాయి. మీ లెక్క ఎంతకీ కుదరకపోతే మీరు చూసింది గ్రహమేమో చూసుకోండి. శుక్రుడు, గురుడు తమ దారిన తాము జరుగుతుంటాయి కాబట్టి అవి ఈ పనికి రావు.

ఉత్తరం వైపు చూసేవాళ్లకు ఒక మాట. వరంగల్ దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువ నక్షత్రం కూడా అంతే ఎత్తులో, రెండు పిడికిళ్లకు కాస్త తక్కువలో ఉంటుంది. ఆదిలాబాద్ వెళ్తే ఇంకో డిగ్రీన్నర పైకి లేస్తుంది. సప్తర్షులు ఎప్పుడూ అస్తమించరని రాసేది ఉత్తరాది దేశాల మాట. మన దగ్గర వాళ్లూ నేల కిందికి పోతారు. చలికాలం సాయంత్రం వాళ్ల కోసం వెతకొద్దు, ఏప్రిల్, మే నెలల్లో చూడండి.

ఫోన్‌తో చుక్కల గీతలు తీయాలనుకుంటే నైట్ మోడ్ వాడొద్దు. అది ఫోటోలను ఒకదానిమీద ఒకటి సర్ది చుక్కలను కదలనట్టు చేసేస్తుంది. ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ 800, ఫోకస్ అనంతం, 30 సెకన్ల చొప్పున ఆపకుండా 60 ఫోటోలు తీసి ఒకటిగా కలపండి. అరగంటకు గొల్లకావడి గీతలు ఏడున్నర డిగ్రీల పొడవు వస్తాయి. ఫోటోకూ ఫోటోకూ మధ్య ఆలస్యమైతే గీత తెగి చుక్కల వరుసలా కనబడుతుంది. ఉత్తరం వైపు తీసేటప్పుడు వరంగల్ లైట్లు వెనక్కి ఉండేలా ములుగు వైపు వెళ్లడం మంచిది. చలికాలం అర్ధరాత్రి దాటాక లెన్స్ మీద మంచు పడుతుంది, మెత్తటి పొడిగుడ్డ దగ్గర ఉంచుకోండి.