మార్పిడి తర్వాత మందులు – 5వ పాఠం: చేతి వణుకును గమనించడం

కిందటి పాఠం చదివి, కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్ష (లెవెల్) చేయించుకున్నవారిలో చాలామంది ఒకే ప్రశ్న పంపారు: "అంకె ఎక్కువ వచ్చింది, మాత్ర తగ్గించుకోవచ్చా?" ఆరా తీస్తే, మాత్ర వేసుకుని, టిఫిన్ చేసి మరీ ల్యాబుకు వెళ్లారు. కాబట్టి వణుకు కన్నా ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

రాత్రి 9కి మాత్ర వేసుకున్నారా? పొద్దున 9 గంటల మాత్రను జేబులో పెట్టుకుని వెళ్లండి. రక్తం ఇచ్చి, దూది నొక్కి పట్టుకున్నాకే మింగండి. ముందే మింగితే 1 నుంచి 3 గంటల్లో రక్తంలో మందు బాగా పెరుగుతుంది. ఆ పెరిగిన అంకెను నమ్మి మోతాదు తగ్గిస్తే, కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించవచ్చు. మాత్ర ఎప్పుడు మింగారో రిపోర్టులో ఉండదు, డాక్టరుకు కనిపించేది అంకె ఒక్కటే. పొరపాటున మింగితే ఆ రోజు రక్తం ఇవ్వకండి, ఆ మాట డాక్టరుకు చెప్పి మర్నాడు వెళ్లండి. మోతాదు మాత్రం సొంతంగా మార్చవద్దు.

ఇక టాక్రోలిమస్ వల్ల వచ్చే వణుకు. చేతులు చాచినప్పుడు, నిండు టీ గ్లాసు ఎత్తినప్పుడు వేళ్లలో సన్నగా కనిపిస్తుంది. తలనొప్పి, నిద్రలేమి, అరికాళ్ల తిమ్మిరి తోడవవచ్చు. డాక్టరు మోతాదు సరిచేస్తే చాలామందికి తగ్గుతుంది. ఉన్నట్టుండి పెరిగితే ఆ వారంలో ఏం మారిందో చూడండి: విరేచనాలా, ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోలా, యాంటీబయాటిక్ క్లారిత్రోమైసినా, బీపీకి వాడే డిల్టియాజెమా? పంపరపనస తిన్నారా? ఇవన్నీ రక్తంలో మందును పెంచగలవు. రక్తంలో మెగ్నీషియం తగ్గినా వణుకు రావచ్చు.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, అయోమయం, మాట తడబడటం, ఫిట్స్: వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మెదడు వెనక భాగంలో నీరు చేరే 'ప్రెస్' అనే స్థితి కావచ్చు. 1996లో వైద్యులు దీన్ని విడిగా గుర్తించి వర్ణించారు. బీపీ పెరిగినవారిలో ఎక్కువగా వస్తుంది. లెవెల్ సరిగ్గా ఉన్నా రావచ్చు, కనుక మంచి రిపోర్టు ఉందని ఇంట్లో కూర్చోకండి. త్వరగా పట్టుకుంటే ఎక్కువమంది కోలుకుంటారు. ఎమర్జెన్సీలో ముందుగా కిడ్నీ మార్పిడి జరిగిందని చెప్పండి. ఎందుకంటే ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్ అనే మందు రక్తంలో టాక్రోలిమస్ లెవెల్‌ను పడగొడుతుంది.

అభ్యాసం: ఫోను యాప్‌ల కన్నా నాకు గీతలు లేని తెల్ల కాగితం మీదే నమ్మకం. మోచేయి, మణికట్టు బల్లకు ఆనించకుండా, మధ్య నుంచి బయటికి చుట్లు తిరిగే గీత గీయండి. మాత్రకు ముందు ఒకటి, 2 గంటల తర్వాత ఒకటి, 14 రోజులు. ప్రతి కాగితం మీదా తేదీ, వేళ, బీపీ రాయండి. బాగా రాలేదని మళ్లీ గీయవద్దు. అన్నీ లెవెల్ రిపోర్టుకు పిన్ను కొట్టి డాక్టరుకు చూపించండి.