యాదృచ్ఛిక నాయిజ్: ముందు కొలవండి, తరువాతే ఫిల్టర్ వేయండి

సిగ్నల్ గీత వణుకుతూ కనబడగానే ఒక లో-పాస్ ఫిల్టర్ (ఎత్తైన ఫ్రీక్వెన్సీలను తగ్గించేది) వేసి, గీత నున్నబడింది కాబట్టి పని అయిపోయిందనుకోవడం ఇంజనీరింగ్ ప్రాజెక్టులలో తరచుగా జరిగే సంగతి. గీత నున్నబడినంత మాత్రాన సమాచారం దక్కినట్టు కాదు. ఆ ఫిల్టర్ నాయిజ్‌తో పాటు సిగ్నల్‌లోని పదునైన అంచులను కూడా మింగేసి ఉండవచ్చు. యాదృచ్ఛిక నాయిజ్‌లో తరువాతి శాంపిల్ విలువ ఎంతో ఎవరూ చెప్పలేరు, కానీ దాని సగటు ఎంత, వేరియన్స్ (సగటు చుట్టూ విలువలు ఎంత చెదురుతాయన్న కొలత) ఎంత, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత పవర్ ఉంది అన్నవి కొలిచి చెప్పవచ్చు. దానిని పూర్తిగా తీసివేసే ఫిల్టర్ ఏదీ లేదు. సిగ్నల్ ఏ బ్యాండ్‌లో ఉంది, దాని పల్స్ ఆకారం ఏమిటి, అది ఎన్నిసార్లు మళ్లీ వస్తుంది, ఏ బిట్టు ఏ బిట్టుతో ముడిపడి ఉంది అనే విషయాలలో మనకు ముందే తెలిసినదానిని ఎంత వాడుకుంటే నాయిజ్ ప్రభావం అంత తగ్గుతుంది. ఈ పద్ధతులను ప్రయత్నించి చూడటానికి ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్), పైథాన్ ఉన్న లాప్‌టాప్ సరిపోతాయి. సరళమైన మాడ్యులేషన్‌లలో ఒకటైన బీపీఎస్‌కేనే (బిట్టును బట్టి తరంగం ఫేజ్‌ను తలకిందులు చేసి పంపే పద్ధతి) ఉదాహరణగా తీసుకుందాం.

అది నిజంగా యాదృచ్ఛికమేనా?

ముందుగా యాంటెన్నా తీసివేసి, దాని స్థానంలో 50 ఓమ్‌ల టెర్మినేటర్ బిగించి, ఒక క్షణం పాటు శాంపిల్‌లను రికార్డు చేయాలి. రికార్డు నుంచి డీసీ ఆఫ్‌సెట్‌ను (శాంపిల్‌లన్నిటిలో కలిసి ఉండే స్థిరమైన విలువను) తీసివేసిన తరువాత మూడు పరీక్షలు చేయాలి.

మొదటిది హిస్టోగ్రామ్. నాయిజ్ గాసియన్ అయితే సగటుకు ఇరువైపులా ఒక ప్రామాణిక విచలనం లోపల సుమారు 68 శాతం శాంపిల్‌లు, మూడింటి లోపల 99.7 శాతం శాంపిల్‌లు ఉండాలి. తోకలు ఇంతకంటే బరువుగా ఉంటే మోటారు, వాహనాల ఇగ్నిషన్, స్విచ్చులు వంటివి పుట్టించే ఇంపల్స్ నాయిజ్ కలిసిందని అనుమానించాలి. అటువంటి చోట సగటు తీయడం తెలివైన పని కాదు, ఎందుకంటే ఒక్క పెద్ద ఇంపల్స్ మొత్తం సగటును తన వైపు లాగేస్తుంది. మీడియన్ ఫిల్టర్ వేయడమో, హద్దు దాటిన శాంపిల్‌లను సున్నా చేయడమో ముందు జరగాలి.

రెండవది ఆటో కోరిలేషన్, అంటే రికార్డును కొంత ఆలస్యంతో దానితోనే పోల్చి చూడటం. ఆ ఆలస్యాన్నే ల్యాగ్ అంటారు. పది లక్షల శాంపిల్‌లు తీసుకుంటే, సున్నా ల్యాగ్ దగ్గర విలువ 1 అయినప్పుడు మిగిలిన ల్యాగ్‌లలో 95 శాతం విలువలు 0.002కు ఇటూ అటూ ఉండాలి. శాంపిల్‌ల సంఖ్య వర్గమూలంతో 2ను భాగిస్తే వచ్చేది ఈ హద్దే. సున్నా పక్కనున్న నాలుగైదు ల్యాగ్‌లు మాత్రం ఎత్తుగా ఉంటే అది డాంగిల్ లోపలి ఫిల్టర్ ప్రభావమే కాబట్టి భయపడనవసరం లేదు, కాకపోతే పక్కపక్క శాంపిల్‌లు స్వతంత్రమైనవి కావని గుర్తుంచుకోవాలి.

మూడవది స్పెక్ట్రం, ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. రికార్డు మొత్తానికి ఒకే ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) తీస్తే, రికార్డు ఎంత పొడవైనదైనా గీత గడ్డి పరకలలాగే ఉంటుంది. పొడవు పెరిగితే పరకలు సన్నబడి దగ్గరవుతాయే తప్ప వాటి ఎత్తులలోని తేడా తగ్గదు. వెల్చ్ పద్ధతిలో రికార్డును ముక్కలు చేసి, ప్రతి ముక్క పవర్ స్పెక్ట్రాన్నీ లెక్కించి సగటు తీయాలి. ఒకదానిపై ఒకటి పడని 100 ముక్కలు తీసుకుంటే ప్రతి బిందువు దగ్గర చెదురు సుమారు 10 శాతానికి దిగుతుంది. అప్పుడు చదునైన నేల (నాయిజ్ మట్టం) ఒకటి, దాని మీద నిలబడిన సన్నని గీతలు కొన్ని వేరువేరుగా కనబడతాయి. ఆ గీతలు యాదృచ్ఛికమైనవి కావు. ఆడియో పరికరంలోనైతే 50 హెర్ట్జ్ కరెంటు హమ్, దాని గుణిజాలు. రేడియోలోనైతే ఫోన్ ఛార్జర్, ఎల్‌ఈడీ బల్బు డ్రైవర్, యూఎస్‌బీ క్లాక్ వంటివి. వీటికి మందు నాచ్ ఫిల్టరో, ఫెర్రైట్ పూసో, ఆ ఛార్జర్‌ను ప్లగ్‌లోంచి పీకివేయడమో. ఇక నేల చదునుగా ఉండక తక్కువ ఫ్రీక్వెన్సీల వైపు పైకి లేస్తుంటే అది ఫ్లికర్ నాయిజ్. వీలుంటే సిగ్నల్‌ను ఆ ప్రాంతం నుంచి ఎత్తైన ఫ్రీక్వెన్సీకి మార్చి కొలవడమే మేలు.

నేల మట్టం ఎంత ఉండాలి?

మిగిలిన చదునైన నేలకు భౌతికశాస్త్రం పెట్టిన కనీస మట్టం ఒకటి ఉంది. నిరోధకంలోని ఎలక్ట్రాన్ల ఉష్ణ చలనం వల్ల వోల్టేజి అల్లల్లాడుతుందని బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ కొలిచి చూపగా, నైక్విస్ట్ దానికి సిద్ధాంతం ఇచ్చాడు. ఇద్దరి పత్రాలూ 1928లో వెలువడ్డాయి. 290 కెల్విన్ల దగ్గర ఆ పవర్ ప్రతి హెర్ట్జ్‌కూ −174 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్‌లలో చెప్పే పవర్). బ్యాండ్‌విడ్త్ 2 మెగాహెర్ట్జ్ అయితే 63 డీబీ కలిపి −111 డీబీఎం వస్తుంది, దానికి రిసీవర్ నాయిజ్ ఫిగర్‌ను (రిసీవర్ తన వంతుగా ఎంత నాయిజ్ చేరుస్తుందన్న కొలతను) కలపాలి. మీ కొలత ఈ లెక్కకు ఒకటి రెండు డీబీల దూరంలో ఉంటే ఇక ఎంత తంటాలు పడినా నేల దిగదు. పది డీబీలు పైన ఉంటే మాత్రం వెతకవలసిన లోపం ఎక్కడో ఉన్నట్టే.

ఆ లోపం చాలాసార్లు యాంప్లిఫైయర్‌ను తప్పు చోట పెట్టడంలోనే దొరుకుతుంది. ఫ్రిస్ 1944లో ఇచ్చిన సూత్రం ప్రకారం, వరుసలో మొదటి దశ నాయిజ్ పూర్తిగా లెక్కలోకి వస్తుంది, తరువాతి దశల నాయిజ్ మాత్రం ముందున్న గెయిన్‌తో భాగించబడుతుంది. డాబా మీది యాంటెన్నా నుంచి గదిలోకి వచ్చే కేబుల్‌లో 6 డీబీ నష్టం, 1 డీబీ నాయిజ్ ఫిగర్‌తో 20 డీబీ గెయిన్ ఇచ్చే ఎల్ఎన్ఏ (తక్కువ నాయిజ్ ఉన్న యాంప్లిఫైయర్), 3.5 డీబీ నాయిజ్ ఫిగర్ ఉన్న రిసీవర్ ఉన్నాయనుకుందాం. ఎల్ఎన్ఏను గదిలో, కేబుల్ తరువాత పెడితే మొత్తం నాయిజ్ ఫిగర్ సుమారు 7 డీబీ. అదే ఎల్ఎన్ఏను యాంటెన్నా పక్కనే బిగిస్తే సుమారు 1.3 డీబీ. ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేకుండా దాదాపు 6 డీబీ మిగిలింది. తరువాత సాఫ్ట్‌వేర్‌లో ఎంత కష్టపడినా ఈ నష్టాన్ని ఇంత చౌకగా పూడ్చుకోలేము.

డాంగిల్‌లోని ఏడీసీ (వోల్టేజిని అంకెలుగా మార్చే భాగం) 8 బిట్లదే కాబట్టి గెయిన్ మీద కూడా కన్నేసి ఉంచాలి. ఆదర్శంగా 8 బిట్లకు, సిగ్నల్‌కూ క్వాంటైజేషన్ దోషానికీ (విలువను దగ్గరి మెట్టుకు సర్దడం వల్ల వచ్చే దోషానికి) ఉండే నిష్పత్తి సుమారు 50 డీబీ. నాయిజ్ వల్ల ఏడీసీ విలువ కనీసం రెండు మూడు మెట్లు కదిలేలా, అయితే బలమైన సిగ్నల్ వచ్చినా పైకప్పు తగలకుండా గెయిన్ పెట్టుకోవాలి. నాయిజ్ ఒక మెట్టు కూడా కదలకపోతే క్వాంటైజేషన్ దోషం సిగ్నల్‌ను అంటిపెట్టుకుని తిరుగుతుంది, ఆ తరువాత సగటు తీసినా అది తగ్గదు.

సగటు ఎంతవరకు ఆదుకుంటుంది?

ఒకే పల్స్ 100 సార్లు మళ్లీ వస్తే, వాటిని వరుసగా పేర్చి సగటు తీసినప్పుడు సిగ్నల్ అలాగే ఉంటుంది, నాయిజ్ ప్రామాణిక విచలనం పదో వంతుకు దిగుతుంది, అంటే పవర్‌లో 20 డీబీ లాభం. ఇది రెండు షరతుల మీద ఆధారపడి ఉంది: నాయిజ్ శాంపిల్‌లు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావాలి, పల్స్‌లు కాలంలో సరిగ్గా ఒకదానిపై ఒకటి కూర్చోవాలి. రెండవ షరతు తప్పితే పల్స్ అంచులు చెరిగిపోతాయి. మొదటిది తప్పితే 100 కొలతలు పేరుకే 100, లాభం మాత్రం ఏ 20 కొలతలదో అవుతుంది.

ఎంత తెలివైన పద్ధతి వాడినా దాటలేని హద్దు కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. చదివిన సి. ఆర్. రావు 1945లో నిరూపించిన ఆ హద్దును, దానిని విడిగా కనుగొన్న స్వీడన్ గణితవేత్త పేరుతో కలిపి క్రామర్–రావు హద్దు అంటారు. పక్షపాతం లేని ఏ అంచనాకైనా వేరియన్స్ దీనికంటే తక్కువ కాదు. గాసియన్ నాయిజ్‌లో మునిగిన స్థిరమైన వోల్టేజిని కొలిచేటప్పుడు ఈ హద్దు నాయిజ్ వేరియన్స్‌ను శాంపిల్‌ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే కాబట్టి, మామూలు సగటు ఇప్పటికే హద్దును తాకేసింది. అంతకు మించిన అల్గారిథం కోసం వెతకడం వృథా. సైన్ తరంగం ఫ్రీక్వెన్సీని అంచనా వేసేటప్పుడు కథ వేరు. అక్కడ వేరియన్స్ శాంపిల్‌ల సంఖ్య ఘనానికి విలోమంగా తగ్గుతుంది, కాబట్టి పరిశీలన కాలాన్ని రెట్టింపు చేస్తే వేరియన్స్ ఎనిమిదో వంతు అవుతుంది. కొత్త పద్ధతి రాసుకునే ముందు ఈ హద్దును గీసి, పాత పద్ధతి దానికి ఎంత దూరంలో ఉందో చూడటం నా దృష్టిలో చాలా రోజుల శ్రమను ఆదా చేసే అలవాటు.

పల్స్ ఆకారం తెలిస్తే

తెల్లని నాయిజ్‌లో, ఆకారం తెలిసిన పల్స్‌కు గరిష్ఠ సిగ్నల్-నాయిజ్ నిష్పత్తిని ఇచ్చే లీనియర్ ఫిల్టర్ మ్యాచ్‌డ్ ఫిల్టర్. పల్స్‌ను కాలంలో తిప్పి రాస్తే అదే ఫిల్టర్ గుణకాలు. ఒక సింబల్‌కు (ఒకసారి పంపే సంకేతానికి) ఎనిమిది శాంపిల్‌లున్న దీర్ఘచతురస్ర పల్స్‌కు ఇది ఎనిమిదింటినీ కూడటమే: సిగ్నల్ 8 రెట్లు, నాయిజ్ వర్గమూలం 8 రెట్లు, లాభం 9 డీబీ. అసలైన లింకులలో రూట్ రెయిజ్‌డ్ కొసైన్ ఫిల్టర్‌ను ట్రాన్స్‌మిటర్‌లో ఒకటి, రిసీవర్‌లో ఒకటి పెడతారు. రెండూ కలిసినప్పుడే సింబల్‌లు ఒకదానిలో ఒకటి కలవకుండా ఉంటాయి.

ఈ ఆలోచన ఎంత దూరం తీసుకువెళుతుందో జీపీఎస్‌లో చూడవచ్చు. నేలకు చేరే పౌర సిగ్నల్ సుమారు −130 డీబీఎం, 2 మెగాహెర్ట్జ్‌లో ఉష్ణ నాయిజ్ −111 డీబీఎం. అంటే సిగ్నల్ నాయిజ్‌కు 19 డీబీ కింద ఉంది, స్పెక్ట్రం తెర మీద దాని జాడే తెలియదు. కానీ ప్రతి ఉపగ్రహం 1023 చిప్‌ల కోడ్‌ను మిల్లీసెకండుకు ఒకసారి తిప్పి పంపుతుందని మనకు ముందే తెలుసు. ఆ కోడ్‌తో గుణించి ఒక మిల్లీసెకండు కూడితే బ్యాండ్‌విడ్త్ 1 కిలోహెర్ట్జ్‌కు కుంచించుకుపోతుంది, నాయిజ్ −144కు దిగుతుంది, సిగ్నల్ 14 డీబీ పైకి తేలుతుంది. మన నావిక్ ఉపగ్రహాలు 1176.45 మెగాహెర్ట్జ్ మీద పంపే పౌర సిగ్నల్‌కు కూడా ఇదే చిప్ వేగం, ఇదే కోడ్ పొడవు. అయితే కూడే కాలం పొడుగయ్యేకొద్దీ ఫ్రీక్వెన్సీ తేడాను సహించే శక్తి తగ్గుతుంది: ఒక మిల్లీసెకండు కూడేటప్పుడు డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) అంచనా 500 హెర్ట్జ్ తప్పితే సుమారు 4 డీబీ పోతుంది, 1000 హెర్ట్జ్ తప్పితే మొత్తం పోతుంది.

సిమ్యులేషన్‌ను నమ్మే ముందు

బీపీఎస్‌కేలో బిట్ తప్పుల రేటుకు కచ్చితమైన సూత్రం ఉంది కాబట్టి, మీ ప్రోగ్రామ్ దానికి సరిపోలిన తరువాతే ముందుకు వెళ్లాలి. ఈబీ బై ఎన్‌నాట్ (ఒక బిట్టు శక్తిని, ప్రతి హెర్ట్జ్‌లోని నాయిజ్ పవర్ అయిన ఎన్‌నాట్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి) 0 డీబీ దగ్గర తప్పుల రేటు 0.0786, 4 డీబీ దగ్గర 0.0125, 7 డీబీ దగ్గర 0.00077, 9.6 డీబీ దగ్గర లక్షకు ఒకటి. మీ వక్రం సరిగ్గా 3 డీబీ పక్కకు జరిగి ఉంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ప్రతి అక్షం మీద నాయిజ్ వేరియన్స్ ఎన్‌నాట్‌లో సగమని మరిచిపోయి మొత్తం ఎన్‌నాట్ వేశారు. సగం రేటు కోడ్ (ఒక్కో సమాచార బిట్టుకు రెండు బిట్లు పంపేది) వాడినప్పుడు సింబల్ శక్తి బిట్ శక్తిలో సగమన్న సంగతి మరిచినా ఇదే 3 డీబీ కనబడుతుంది. సింబల్‌కు ఎనిమిది శాంపిల్‌లుండగా నాయిజ్‌ను శాంపిల్ లెక్కన కాకుండా సింబల్ లెక్కన కొలిచి కలిపితే తేడా 9 డీబీ అవుతుంది.

ఎన్ని బిట్లు పంపాలన్నది తప్పులను బట్టి నిర్ణయించుకోవాలి. 100 తప్పులు లెక్కకు వస్తే 95 శాతం నమ్మకంతో రేటు సుమారు 20 శాతం అటూ ఇటూగా తెలుస్తుంది. లక్షకు ఒకటి రేటు దగ్గర దీనికి కోటి బిట్లు కావాలి. పది లక్షల బిట్లు పంపి ఒక్క తప్పూ కనబడలేదంటే రేటు సున్నా అని కాదు. పది లక్షలకు మూడు కంటే తక్కువ అని మాత్రమే 95 శాతం నమ్మకంతో చెప్పగలం.

కోడింగ్

తప్పులను రిసీవర్ సరిదిద్దుకోగలిగేలా అదనపు బిట్లు కలిపి పంపడమే కోడింగ్. సమాచార వేగం చానెల్ సామర్థ్యానికి లోపల ఉన్నంతవరకు తప్పులను కోరినంత తగ్గించవచ్చని షానన్ 1948లో నిరూపించాడు. బ్యాండ్‌విడ్త్ ఎంత కావాలంటే అంత వాడుకోగలిగినా ఈబీ బై ఎన్‌నాట్ −1.59 డీబీ కంటే దిగకూడదు. ఈ రోజు 5జీలో డేటాకు ఎల్‌డీపీసీ, కంట్రోల్ చానెళ్లకు పోలార్ కోడ్‌లు వాడుతున్నారు. చిన్న ప్రాజెక్టుకు సగం రేటు, 7 నిడివి గల కన్వల్యూషనల్ కోడ్, దానిని విప్పే విటర్బీ డీకోడర్ చాలు.

డీకోడర్‌కు ముందే బిట్టును 0 లేదా 1గా తేల్చేయకండి. మ్యాచ్‌డ్ ఫిల్టర్ నుంచి వచ్చిన విలువను అలాగే ఇస్తే, గట్టిగా వచ్చిన బిట్టు మాటకు ఎక్కువ విలువ, సందేహంగా వచ్చినదానికి తక్కువ విలువ ఇచ్చి డీకోడర్ లెక్క వేస్తుంది. గాసియన్ నాయిజ్‌లో దీని లాభం సుమారు 2 డీబీ. ఎల్‌డీపీసీకి సమ్-ప్రొడక్ట్ డీకోడర్ వాడితే ఆ విలువను రెట్టింపు చేసి నాయిజ్ వేరియన్స్‌తో భాగించి ఇవ్వాలి, కాబట్టి పైలట్ సింబల్‌ల (రిసీవర్‌కు ముందే తెలిసిన సింబల్‌ల) నుంచి వేరియన్స్‌ను ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉండాలి. మిన్-సమ్ డీకోడర్‌కు ఈ కొలత అవసరం లేదు. తప్పులు గుంపులుగా వచ్చే చానెల్‌లో ఇంటర్‌లీవర్ (బిట్ల వరుసను మార్చి తప్పుల గుంపులను చెదరగొట్టేది) లేకుండా కన్వల్యూషనల్ కోడ్ పెట్టడం దండగ.

చివరగా, అసలు లింకు మీద కొలిచిన వక్రాన్ని సిద్ధాంత వక్రం పక్కన గీసి చూడాలి. రెండూ సమాంతరంగా ఒకటి రెండు డీబీల దూరంలో ఉంటే అది అమలు నష్టం, ఫిల్టర్లలోనో టైమింగ్‌లోనో దొరుకుతుంది. పవర్ పెంచుతున్నా మీ వక్రం ఒక చోట దిగడం మానేసి అడ్డంగా సాగితే అక్కడ దోషి ఉష్ణ నాయిజ్ కాదు. ఆసిలేటర్ ఫేజ్ నాయిజ్‌నో, సింబల్‌లు కలిసిపోవడాన్నో, యాంప్లిఫైయర్ సాచురేషన్‌నో వెతకాలి, యాంప్లిఫైయర్‌ను ఇంకా పెద్దది చేయడం కాదు.